49 ఏళ్ళ కిస్తీ

మాస్కోలో ఎక్కిన రైలు నాలుగు గంటల్లో పీటర్స్‌బర్గ్‌లో దింపేసింది. మార్చి 7, సాయంత్రం. స్టేషన్ బయటికొచ్చి చూస్తే ప్రతి మగాడి చేతిలోనూ ఓ పూలగుత్తి. తులిప్‌లు కొన్ని, పసుప్పచ్చటి మిమోసా రెమ్మలు కొన్ని. ఆ మిమోసా అచ్చం మన తుమ్మపూవే, కొంచెం ఒళ్ళు చేసింది అంతే. పూలకొట్టు ముందు పాతికమంది వరసగా నిలబడి ఉన్నారు. పైన మంచు కురుస్తున్నా ఎవరూ కదలడం లేదు.

"ఏరా, ఇవాళ ఇక్కడేమైనా పెళ్ళి ముహూర్తాలా?" అని మా ఆవిడ మేనల్లుణ్ణి అడిగింది.

"రేపు మహిళా దినోత్సవం అత్తయ్యా. ఇక్కడ పెద్ద పండగ, సెలవు కూడా. పువ్వు పట్టుకెళ్ళకపోతే ఇంట్లో అన్నం పెట్టరు" అన్నాడు వాడు. మా చెల్లెలి కొడుకు, ఇక్కడ మెడిసిన్ నాలుగో ఏడు. మా ప్రయాణానికి గైడూ, దుబాసీ, కూలీ అన్నీ వాడే.

నేను కావాలనే ఆ తేదీ చూసుకుని వచ్చానని వాళ్ళిద్దరికీ అప్పటిదాకా చెప్పలేదు. టికెట్లు చవగ్గా దొరికాయన్నాను.

నాకు లెనిన్ అంటే ముందు గుర్తొచ్చేది విజయవాడ ఏలూరు రోడ్డు. లెనిన్ సెంటర్లో విగ్రహం, చుట్టుపక్కల పాత పుస్తకాల కొట్లు. కాలేజీ రోజుల్లో అక్కడ సోవియట్ వాళ్ళు అచ్చేసిన తెలుగు పుస్తకాలు సంచులకొద్దీ కొన్నాను. గట్టి అట్ట, మంచి కాగితం, ధర చూస్తే మాత్రం నవ్వొచ్చేది. నేను చదివిన వాటిలో విప్లవం ఎప్పుడూ ఒక పెద్దమనిషి చెయ్యెత్తగానే మొదలయ్యేది. తర్వాత ఉద్యోగం వచ్చింది. 31 ఏళ్ళు పల్లెటూరి బ్రాంచీల్లో పంట రుణాలు రాశాను. రైతు ఎప్పుడు తల దించుకుని నిలబడతాడో, ఎప్పుడు గొంతు పెంచుతాడో కౌంటరు ఇవతల కూర్చుని చూసినవాణ్ణి. అప్పట్నించీ ఆ పుస్తకాల్లో కథ మీద నాకో అనుమానం ఉండిపోయింది. రిటైరయ్యాక ఆ ఊరేదో ఓసారి చూసి రావాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే డబ్బు మార్చుకోవడానికి వెళ్ళాం. మన బ్యాంకు కార్డులు ఇక్కడ పనిచెయ్యవు, డాలరు నోట్లు తెచ్చుకోవాలి. అవీ మడతా మరకా లేకుండా ఉండాలి. నా నోట్లలో ఒకదాని మూల ఎవరో పెన్నుతో చిన్న టిక్కు పెట్టారు. కౌంటర్లో అమ్మాయి దాన్ని వెలుతురుకి పట్టి చూసి, రెండు వేళ్ళతో వెనక్కి తోసేసింది. నాకు సిగ్గేసింది. సర్వీసులో కట్టలు లెక్కపెట్టి నేనెన్ని నోట్ల మీద అంకెలు వేశానో ఆ దేవుడికే తెలియాలి.

అక్కణ్ణించి ఫిన్లాండ్ స్టేషన్‌కి వెళ్ళాం. స్టేషన్ ముందు పెద్ద మైదానం, దాని మధ్యన లెనిన్. సాయుధ కారు పైకప్పు మీద నిలబడి చెయ్యి చాపి ఉంటాడు. 1926లో పెట్టిన విగ్రహం. 2009లో ఎవరో దీనికి బాంబు పెడితే కోటు వెనక పెద్ద కన్నం పడింది, తర్వాత అతుకు వేశారు. మేనల్లుడు వెనక్కి తిప్పి మరీ ఆ చోటు చూపించాడు. కుర్రాళ్ళు ముందు వెతికేది అదేనట.

"ఇక్కడే మొదలైందా మావయ్యా, విప్లవం?"

"ఈయన ఇక్కడ దిగింది 1917 ఏప్రిల్లోరా. అప్పటికి జార్ చక్రవర్తి దిగిపోయి నెల దాటింది. జరుగుతున్నప్పుడు ఈయన స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లో ఉన్నాడు. ఆ జనవరిలోనే అక్కడ కుర్రాళ్ళ సభలో మాట్లాడుతూ, రాబోయే పోరాటాలు మా ముసలితరం చూడకపోవచ్చు అని కూడా అన్నాడు."

"మరి ఎవరు మొదలెట్టారు?" అంది మా ఆవిడ.

"మీ ఆడవాళ్ళే. నూరేళ్ళ పైమాటే, సరిగ్గా ఈ తేదీన."

రష్యాలో అప్పుడు పాత క్యాలెండరు నడిచేది, మనకంటే 13 రోజులు వెనక. వాళ్ళ ఫిబ్రవరి 23 అంటే మనకి మార్చి 8. ఫిబ్రవరి విప్లవం మార్చిలోనూ, అక్టోబర్ విప్లవం నవంబర్లోనూ రావడానికి కారణం అదే. స్టేషన్ పక్కనుంచి వెళ్ళే సంప్సోనియెవ్‌స్కీ రోడ్డు పట్టుకుని నడిచాం. ఈ వైపంతా వీబోర్గ్ పేట. అప్పట్లో బట్టల మిల్లులు, లోహపు కార్ఖానాలు కిటకిటలాడిన చోటు. ఎర్ర ఇటుక గోడలు ఇంకా కొన్ని మిగిలాయి, లోపల ఇప్పుడు ఆఫీసులు. చూరుల నుంచి బారెడు బారెడు మంచుముక్కలు వేలాడుతున్నాయి. అవి ఊడి నెత్తిన పడితే అంతే సంగతులని ఫుట్‌పాత్‌కి ఎర్ర టేపు కట్టారు.

ఆ రోజు ఈ రోడ్డులో బట్టల మిల్లు ఆడవాళ్ళు మగ్గాలు ఆపేసి బయటికొచ్చారు. పక్కనున్న లోహపు కార్ఖానాల కిటికీల మీద మంచుముద్దలు విసురుతూ, రండి బయటికి అని మగవాళ్ళని పిలిచారు. పార్టీల నాయకులు, లెనిన్ పార్టీ బోల్షివిక్కులతో సహా, ఆ రోజు సమ్మె వద్దనే చెప్పారు. ఇంకా సమయం రాలేదని వాళ్ళ లెక్క. ఆడవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు అంతకుముందు వారాలుగా తెల్లవారకముందే రొట్టెల కొట్ల ముందు నిలబడుతున్నారు. ఆ వరసల్ని పెత్రోగ్రాద్ (అప్పట్లో ఈ ఊరి పేరు అదే) జనం "ఖ్వస్తీ" అనేవాళ్ళు, అంటే తోకలు.

"మనం కిరసనాయిలుకి నిలబడలా?" అంది మా ఆవిడ. "క్యూలో నాలుగు గంటలు నుంచుంటే తెలియని సంగతి ఉండదండీ. డీలరు ఎన్ని డబ్బాలు వెనక గుమ్మంలోంచి పంపాడో, ఎవరింట్లో పిల్ల జ్వరంతో ఉందో, అన్నీ అక్కడే. మీరెప్పుడైనా నుంచుంటే గదా."

నిజమే, నేను నుంచోలేదు. జార్ రహస్య పోలీసులు మాత్రం ఆమె చెప్పిందే రాసి పైకి పంపారు. క్యూల్లో నిలబడి నీరసించిన తల్లులు ప్రతిపక్ష నాయకులకన్నా ప్రమాదమని ఆ చలికాలం నివేదికల్లో ఉంది. పైవాళ్ళు చదివారో లేదో.

నాకు ఇందులో ఆసక్తి కలిగించేది వేరే. ఆ ఏడు రష్యాలో కరువేం లేదు. గింజలు ఉన్నాయి. అవి ఊరికి రాలేదు. 1914లో యుద్ధం మొదలయ్యాక సుమారు కోటిన్నర మందిని సైన్యంలోకి లాగారు, ఎక్కువమంది పల్లెటూరి మగాళ్ళే. రైలు పెట్టెలన్నీ యుద్ధరంగానికి మళ్ళాయి. యుద్ధం మొదట్లోనే సర్కారు సారా అమ్మకం ఆపేసింది. మంచిపనే. కాకపోతే ఖజానాకి వచ్చే ఆదాయంలో నాలుగో వంతుకు పైగా ఆ సారా గుత్తాధిపత్యం నుంచే వచ్చేది. ఆ కన్నం పూడ్చడానికీ యుద్ధం ఖర్చుకీ నోట్లు అచ్చేశారు. మూడేళ్ళు తిరక్కుండా చలామణీలో ఉన్న కాగితం అయిదు రెట్లు దాటింది. ధాన్యానికి సర్కారు ధర కట్టేసింది కానీ మేకులకి, గుడ్డకి, కిరసనాయిలుకి ఎవరూ కట్టలేదు. కార్ఖానాలు తుపాకీగుళ్ళు చేస్తున్నాయి, నాగళ్ళు చెయ్యడం మానేశాయి. ఇక రైతు గింజలమ్మి ఏం చేసుకుంటాడు? ఆ నోట్లు పెట్టెలో దాచుకునే కంటే గింజలు గాదెలో ఉంచడం నయం అనుకున్నాడు. నేను అక్కడ రైతునైతే అదే చేసేవాణ్ణి.

నడుచుకుంటూ లితేయ్‌నీ వంతెన దగ్గరికి వచ్చాం. అటు ఒడ్డున ఊరి నడిబొడ్డు, రాజభవనాలు. ఆ రోజు పోలీసులు వంతెనలకి అడ్డం నిలబడ్డారు. నేవా నది గడ్డకట్టి ఉంది. జనం వంతెన వదిలేసి మంచు మీదుగా నడిచి అవతలికి వెళ్ళిపోయారు. కిందకి చూస్తే నది ఇప్పుడూ తెల్లగానే ఉంది, అక్కడక్కడా మాత్రం నల్లటి పగుళ్ళు. "ఇప్పుడు దిగితే ఫైన్ వేస్తారు మావయ్యా" అన్నాడు వాడు నా చూపు కనిపెట్టి.

ఆడవాళ్ళు మగ్గాలు ఆపడానికి ముందురోజే ఊరి దక్షిణాన పుతిలోవ్ కార్ఖానా యాజమాన్యం గేట్లు మూసేసి పనివాళ్ళని బయటికి నెట్టింది. ఆ మగవాళ్ళూ ఈ ఆడవాళ్ళూ కలిశారు. మూడో రోజుకి సమ్మెలో ఉన్నవాళ్ళు రెండు లక్షలు దాటారు. నాలుగో రోజు, పాత క్యాలెండరు లెక్కన ఫిబ్రవరి 26న, మేం నిన్న రైలు దిగిన స్టేషన్ ముందు కూడలిలో వొలీన్‌స్కీ రెజిమెంటు సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. ఆ రాత్రి వాళ్ళకి నిద్రపట్టలేదు. తెల్లారేసరికి అదే రెజిమెంటు తమ అధికారిని కాల్చి జనం వైపు తిరిగింది. మరో మూడు రోజులకి, అదే లెక్కన మార్చి 2న, ప్స్కోవ్‌లో రైలు పెట్టెలో కూర్చుని జార్ నికొలాయ్ రాజ్యం వదులుకుంటూ సంతకం పెట్టాడు. 300 ఏళ్ళ రొమనోవ్ రాజవంశం ఆడవాళ్ళ సమ్మె మొదలైన ఎనిమిదో రోజుకి అయిపోయింది అని మా వాడు తేల్చేశాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ ఇల్లూ ఎనిమిది రోజుల్లో దానంతటది కూలదుగా, అంతకుముందు చాలా ఏళ్ళుగా కిందనుంచి చెదలు తింటూ ఉండాలి.

ఆ రాత్రి అద్దె గదిలో మా ఆవిడ నల్ల రొట్టె కోసింది. బొరొదిన్‌స్కీ అంటారు, రై పిండితో చేసేది. చెయ్యి పెడితే చల్లటి తడి మట్టిలా బరువుగా ఉంది, పైన బ్రౌను రంగు గింజలు అతికి ఉన్నాయి. ఆమె వాసన చూసి "ధనియాలండీ!" అంది. నిజంగానే ధనియాలు. పుల్లగా, కాస్త తియ్యగా, నమిలితే దవడలు నొప్పెట్టేంత గట్టి రొట్టె. గోంగూర పచ్చడి సీసా తీసి రాసుకుని తిన్నాం, భేషుగ్గా కుదిరింది. మేనల్లుడు మాత్రం తను ఉండే ఇంటి ముసలావిడ గురించి చెప్పాడు. బల్ల మీద పడ్డ రొట్టెపొడి కూడా అరచేత్తో ఊడ్చి నోట్లో వేసుకుంటుందట. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి ముట్టడి ముదిరిన 1941 చలికాలంలో ఉద్యోగులకీ పిల్లలకీ రోజుకి 125 గ్రాముల రొట్టె ఇచ్చేవాళ్ళు. ఆవిడ అమ్మ అప్పటి మనిషి.

మర్నాడు నార్వా గేటుకి మెట్రోలో వెళ్ళాం. నెపోలియన్ మీద గెలిచినందుకు కట్టిన విజయ తోరణం, ఆకుపచ్చ రాగిరేకు తొడుగు, పైన ఆరు గుర్రాల రథం. నేను తలెత్తి గుర్రాలు లెక్కపెడుతూ మంచు మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. ఒక ముసలావిడ వచ్చి చెయ్యిచ్చి లేపి, చాలాసేపు తిట్టింది. "బూట్లు చూపించి తిడుతోంది మావయ్యా. పెంగ్విన్‌లా నడవమంటోంది." మిగతా రోజంతా పెంగ్విన్‌లాగే నడిచాను.

ఆ గేటు ముందే 1905 జనవరి 9న ఆదివారం ఉదయం గపోన్ అనే ప్రీస్టు ముందు నడుస్తుండగా కార్మికులు కుటుంబాలతో సహా ఊరేగింపుగా వచ్చారు. చేతుల్లో దేవుడి పటాలు, జార్ పటాలు. జార్‌కి అర్జీ ఇద్దామని బయల్దేరారు. అంతకుముందు పుతిలోవ్‌లో నలుగురు పనివాళ్ళని తీసేశారు, దాంతో సమ్మె మొదలై ఊరంతా పాకింది. ఈ గేటు దగ్గర ముందు గుర్రపు దళం మీదకొచ్చింది, తర్వాత సైనికులు కాల్చారు. ఊళ్ళో మిగతా చోట్లా అదే జరిగింది. సర్కారు లెక్కలో చచ్చిపోయినవాళ్ళు 130 మంది; జనం లెక్కలు అంతకన్నా చాలా ఎక్కువ. జార్ ఆ రోజు అసలు ఊళ్ళోనే లేడు.

గేటు నుంచి దక్షిణానికి వెళ్ళే రోడ్డు పేరు స్తాచెక్ ప్రాస్పెక్ట్. స్తాచ్కా అంటే సమ్మె, సమ్మెల రోడ్డన్నమాట. కాస్త ముందుకెళ్తే జనవరి 9 పేరుతో ఒక పార్కు ఉంది. పార్కు మామూలుగానే ఉంది, బెంచీలు, చెట్లు, కుక్కల్ని తిప్పేవాళ్ళు. నేను చూడ్డానికొచ్చింది దాని కంచె. ఎర్రటి రాతి స్తంభాల మధ్య ఇనప ఆకులు, తీగలు, మెలికలు. ఒక్కో ఆకు ఈనెలతో సహా సాగగొట్టి చేసింది. మెలికల్లో మంచు చిక్కుకుని తెల్ల పూలు పూసినట్టుంది. ఇది కార్మికుల పేటలో పార్కు కోసం చేసిన కంచె కాదు. ఒకప్పుడు వింటర్ ప్యాలెస్‌లో జార్ సొంత తోట చుట్టూ ఉండేది. విప్లవం తర్వాత అక్కణ్ణించి పీకి, రాజముద్రలూ డేగలూ తీసేసి, ఇక్కడ నిలబెట్టారు. ఏ తోట దాకా వెళ్ళి అర్జీ ఇద్దామనుకున్నారో ఆ తోట కంచె వాళ్ళ పేటకే వచ్చింది. నేను గ్లవుజు తీసి ఒక ఆకు పట్టుకుని చూశాను. చలికి వేళ్ళు అంటుకుపోయాయి.

ఆ బెంచీ మీద కూర్చునే నేను మా వాడికి అర్జీ సంగతి చెప్పాను. ఎనిమిది గంటల పనిదినం కావాలి, రోజుకి కనీసం ఒక రూబుల్ కూలి కావాలి అన్నారు. 1897 చట్టం ప్రకారం అప్పుడు పదకొండున్నర గంటల దాకా పని చేయించుకోవచ్చు. ఇవన్నీ కార్ఖానా మనిషి అడగాల్సినవే. కానీ ఆ కాగితంలో ఇంకో మాట ఉంది. విమోచన కిస్తీలు రద్దు చెయ్యాలి, చౌకగా అప్పులివ్వాలి, భూమిని క్రమంగా జనానికి బదిలీ చెయ్యాలి.

"కార్ఖానాలో పనిచేసేవాడికి కిస్తీలేంటి మావయ్యా?"

నేను ఈ దేశం వచ్చిందే ఆ ప్రశ్న కోసం.

1861లో జార్ రెండో అలెగ్జాండరు సెర్ఫులకి, అంటే భూమికి కట్టేసిన వెట్టి రైతులకి, విడుదల ప్రకటించాడు. ఒక్క జమీందార్ల కిందే 2 కోట్లకు పైగా మనుషులు, భూమితోపాటు అమ్ముడుపోయేవాళ్ళు. విడుదలైతే వచ్చింది కానీ భూమి ఊరికే రాలేదు. కొనుక్కోవాలి. ధర ఎలా కట్టారో వినాలి, బ్యాంకు మనిషిని కాబట్టి నాకిది చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఒక రైతు అంతకుముందు దొరకి ఏటా 9 రూబుళ్ళు కప్పం కట్టేవాడనుకోండి. ఆ 9 రూబుళ్ళు ఎంత సొమ్ముకి నూటికి 6 చొప్పున రాబడి అవుతుందో చూశారు. 150 రూబుళ్ళు. అదే ధర. పొలం బజార్లో ఎంత పలుకుతుందన్నది లెక్కలో లేదు. మనిషి దొర చెయ్యి జారిపోయినందుకు పరిహారం కూడా నేల ధరలో కలిపేశారన్నమాట. ఆ 150లో 120 సర్కారు దొరకి బాండ్లుగా ఇచ్చేసింది, అందులోంచి దొర పాత తాకట్టు బాకీలు ముందే కోసుకుంది. మిగతా 30 రైతే నేరుగా దొరకి ఇచ్చుకోవాలి. సర్కారు పెట్టిన 120కి రైతు ఏటా 7 రూబుళ్ళ 20 కోపెక్కులు కట్టాలి. 49 ఏళ్ళు.

మా వాడు ఫోన్ తీసి లెక్క కట్టాడు. "352 రూబుళ్ళ 80. నూట ఇరవైకి! నా ఎడ్యుకేషన్ లోన్ నయం మావయ్యా."

"నీ లోనుకి హామీ సంతకం నాది. వాళ్ళకి ఊరంతా హామీ."

అదీ ఉంది. భూమి మనిషి పేరున రాలేదు, మీర్ అనే ఊరి సమితి పేరున వచ్చింది. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ళు కట్టాలి. మన దగ్గర గ్రూపు లోన్లలో చూశాంగా, పదిమంది సంతకాలు పెడితే ఒకత్తి ఊరొదిలి పోయినప్పుడు మిగతా తొమ్మిదిమంది మొహాలు. అక్కడ ఊరొదలాలన్నా సమితి ఒప్పుకుంటేనే పాస్‌పోర్టు. ఇంట్లో మగవాళ్ళ సంఖ్యని బట్టి కొన్నేళ్ళకోసారి పొలాలు మళ్ళీ పంచేవాళ్ళు చాలాచోట్ల. నాలుగేళ్ళలో ఇంకొకడికి పోయే చెక్కకి ఎరువెవడు తోలతాడు? ఈ ఉమ్మడి పూచీ 1903దాకా నడిచింది.

కిస్తీలు చాలామందికి 1861లో మొదలవ్వలేదు కూడా. దొరలతో ఒప్పందాలు సాగి సాగి, చివరికి తప్పనిసరి చేసి 1883 నుంచి మొదలెట్టారు. అంటే అలాంటివాడి ఆఖరి వాయిదా 1930ల్లో. మధ్యలో కొంత తగ్గించారు, బకాయిలు మాత్రం పేరుకుంటూనే పోయాయి. జనాభా పెరిగింది. ఒక్కో మగమనిషికి వచ్చే వాటా 1860లో సగటున 4.8 దెస్యాతిన్లు ఉంటే 1900 నాటికి 2.6 అయింది.

"దెస్యాతిన్ అంటే?"

"మన లెక్కలో దాదాపు రెండూ ముప్పావు ఎకరాలు."

"అంటే ఏడెకరాలు! మా తాతయ్యకి మూడున్నరే కదా."

"మీ తాతయ్యది కృష్ణా కాలవ కింద రెండు పంటల నేల." ఇక్కడ ఏడాదిలో సగం నేల మంచు కింద ఉంటుంది. ఒకే పంట. అందులోనూ మూడో వంతు ఏటా బీడు పెట్టాలి. పొలమంతా ఒక్కచోట ఉండదు, సన్నటి పట్టీలుగా ఊరి చుట్టూ చెల్లాచెదురు. మాస్కో నుంచి వస్తుంటే రైలు కిటికీలోంచి త్వేర్ దాటాక చూశాను, మంచులో సగం కూరుకుపోయిన కర్ర ఇళ్ళు, బర్చ్ చెట్లు, మైళ్ళ తరబడి తెలుపు. రెండు పంటల కళ్ళతో చూస్తే ఆ ఏడెకరాల అర్థం తెలియదు.

పన్నులూ కిస్తీలూ కోతలవగానే వసూలు. అందరూ ఒక్కసారే అమ్మకానికి దిగుతారు, ధర పడిపోతుంది, తిండిగింజలు కూడా అమ్ముకోవాలి. ఆ గింజలు విదేశాలకి ఎగుమతయ్యేలా చూసి సర్కారు బంగారం కూడబెట్టుకుంది, ఆ బంగారం చూపించి ఫ్రాన్సులో అప్పులు తెచ్చి రైళ్ళూ కార్ఖానాలూ పెట్టింది. 1891లో వోల్గా ప్రాంతంలో పంట పోతే గాదెల్లో ఏమీ లేదు. ఆకలితో, వెనకే వచ్చిన కలరాతో సుమారు 4 లక్షలమంది పోయారు. 1897లో రూబుల్‌ని బంగారంతో ముడిపెట్టారు, బయటి దేశాల్లో శభాష్ అన్నారు.

అప్పుడు కిస్తీ కట్టడానికి ఇంట్లోంచి ఒక మగాడు పుతిలోవ్‌కి వస్తాడు. గదిలో ఒక మూల, లేదా షిఫ్టు ప్రకారం సగం మంచం అద్దెకి తీసుకుంటాడు. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో. పేరు ఊరి సమితి పుస్తకంలోనే. కూలిలో కొంత పోస్టులో ఊరికి పోతుంది. గల్ఫ్‌కి పోయినవాళ్ళ ఇళ్ళు తెలిసిన మనకి ఇది వేరే చెప్పాలా? అతనే 1905లో ఈ రోడ్డు మీద అర్జీ పట్టుకుని నడిచాడు. అందుకే కార్మికుల కాగితంలో రైతు కిస్తీ ఉంది. పన్నెండేళ్ళ తర్వాత అతనికే బూడిదరంగు కోటు తొడిగి తుపాకీ ఇచ్చి పెత్రోగ్రాద్ బ్యారక్‌లో పెట్టారు. క్యూలో ఉన్న ఆడవాళ్ళ మీద కాల్చమన్నారు. వాళ్ళ ఇంట్లోవాళ్ళలాంటి వాళ్ళే మరి.

నేను చెప్పడం ఆపేసరికి మా వాడి ముక్కు ఎర్రబడిపోయింది. మా ఆవిడ ఎప్పుడో లేచి పార్కు చుట్టూ తిరుగుతోంది.

కిస్తీలు మాఫీ చేశారు. 1905 అంతా సమ్మెలు, పల్లెల్లో దొరల ఇళ్ళు తగలబడటం చూశాక, 1906లో సగానికి కోసి, 1907 నుంచి పూర్తిగా. స్తొలీపిన్ అనే ప్రధాని రైతులు సమితి నుంచి విడిపోయి సొంత కమతాలు చేసుకునే చట్టం తెచ్చాడు. ఆలోచన చెడ్డది కాదంటాను నేను, ఈ మాటకి మా యూనియన్ మిత్రులు నన్ను తిడతారు. అదే స్తొలీపిన్ వేయించిన ఉరులు ఎన్నో, ఉరితాడుకి ఆయన పేరు పెట్టి నెక్‌టై అన్నారు. ఆయన్ని 1911లో కీవ్‌లో కాల్చేశారు. మూడేళ్ళకి యుద్ధం వచ్చింది. మాఫీ ఆలస్యంగా వస్తే ఏమవుతుందో నేను బ్రాంచీలో చూశాను. అప్పటికే కట్టలేక ఎద్దులమ్ముకున్నవాడు కృతజ్ఞతగా ఏమీ ఉండడు.

స్తాచెక్ రోడ్డు మీదే ఇంకా ముందుకెళ్తే పుతిలోవ్ కార్ఖానా గేటు. 1934 నుంచి దాని పేరు కీరొవ్. ఇప్పుడు ట్రాక్టర్లు చేస్తారు. కాపలావాడు ఫోటో వద్దన్నాడు, వద్దంటే మానేశాం.

తర్వాతి రోజు మా ఆవిడ కోసం కేటాయించాను. హెర్మిటేజ్ మ్యూజియం, అంటే పాత వింటర్ ప్యాలెస్. ఆమె బంగారు నెమలి గడియారం ముందు అరగంట నిలబడింది. నాకు చిన్న భోజనాల గదిలో ఫైర్‌ప్లేస్ మీద ఉన్న గడియారం చాలు. జార్ దిగిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వ మంత్రుల్ని 1917 అక్టోబర్ 25 అర్ధరాత్రి దాటాక బోల్షివిక్కులు అరెస్టు చేసింది ఆ గదిలోనే. దాన్ని రెండూ పదికి ఆపేసి, సరిగ్గా నూరేళ్ళకి 2017లో మళ్ళీ నడిపించారు. ఆ మంత్రులు చేసిన తప్పు నాకు చాలా తెలిసిన తప్పు. యుద్ధం ఆపలేదు, భూమి సంగతి రాజ్యాంగ సభ వచ్చాక చూద్దామన్నారు. ఫైలు పెండింగులో పెట్టారు. పల్లెల్లో జనం ఆ ఎండాకాలం నుంచే దొరల పొలాలు దున్నేసుకున్నారు. బోల్షివిక్కులు గద్దెనెక్కిన మర్నాడే భూమి మీద ఉత్తర్వు ఇచ్చారు, దాన్లో చాలాభాగం ఎస్సార్లు అనే రైతుల పక్షపు పార్టీ కార్యక్రమం నుంచి తీసుకున్నదే. ఆ ఉత్తర్వు వెనకే పల్లెలకి తుపాకులతో గింజల వసూలు కూడా వచ్చింది. అది వేరే ప్రయాణం.

యుసూపొవ్ భవనంలో, జార్ కుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సాధువు రస్పుటిన్‌ని చంపిన నేలమాళిగ చూశాం. మైనపు బొమ్మలు పెట్టారు. జనం దానికే ఎక్కువ వచ్చారు. నాకు బోరు కొట్టింది.

తిరుగు రైలు రాత్రికి. సాయంత్రం ఇంకో గంట ఉందనగా మార్స్ మైదానానికి వెళ్ళాం. ఫిబ్రవరిలో చచ్చిపోయినవాళ్ళని ఇక్కడ కలిపి పూడ్చారు. చతురస్రంగా తక్కువ ఎత్తు గ్రానైట్ గోడలు, మధ్యన నేలలోంచి వెలిగే మంట. 1957లో వెలిగించారు, సోవియట్ దేశంలో ఇలాంటి శాశ్వత జ్యోతుల్లో మొట్టమొదటి వాటిలో ఇదొకటి. పదేళ్ళకి మాస్కోలో అజ్ఞాత సైనికుడి సమాధికి నిప్పు పట్టుకెళ్ళింది ఇక్కణ్ణించే. దీనికి మొదటి నిప్పు మాత్రం మొన్న మమ్మల్ని ఫోటో తియ్యనివ్వని కార్ఖానాలోని ఉక్కు కొలిమి నుంచి తెచ్చారు.

తడిమంచు పడుతోంది. మంట చుట్టూ రెండు మూడు తులిప్ కట్టలు, మహిళా దినోత్సవం నాటివి, వడిలి నల్లబడ్డాయి. ఒక మనిషి, ఇల్లూవాకిలీ లేనివాడిలా ఉన్నాడు, పక్కనే గొంతుక్కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. మా ఆవిడ తన గ్లవుజులు విప్పి పిండింది, నీళ్ళు కారాయి. నేను వారించేలోపే ముందుకెళ్ళి వాటిని మంట మీదకి చాపింది.

"అలా చెయ్యకూడదేమో, అమరవీరుల జ్యోతి అది" అన్నాను చుట్టూ చూస్తూ.

"కొలిమి నిప్పేగా అన్నారు మీరు" అంది. ఆ మనిషి కొంచెం పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.